మనం విన్న సినిమాలు

అందరికీ నమస్కారం. నాకిచ్చిన విషయం "మనసుకు హాయినిచ్చే పాత సినిమాలు". ఇలాంటి విషయం ఇస్తే మామూలుగా ఒక జాబితా చదువుతారు: ఫలానా సినిమా గొప్పది, ఫలానా దర్శకుడు మహానుభావుడు, ఇప్పుడు అలాంటివి రావట్లేదు. నేను ఆ జాబితా చదవను. ఎవరి జాబితా వాళ్ళకుంది, అందులో వేలుపెట్టే హక్కు నాకు లేదు. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, చాలా ఏళ్ళుగా నా మనసులో తిరుగుతున్నది. మన తెలుగువాళ్ళకి సినిమా జ్ఞాపకం కంట్లో కంటే చెవిలో ఎక్కువ ఉంటుంది. మనం సినిమాలు చూసినదానికంటే విన్నది ఎక్కువ, కష్టంలో ఉన్నప్పుడు మనం వెతుక్కునేది కూడా ఆ విన్నదాన్నే.

ఒక్కసారి కళ్ళు మూసుకుని "మాయాబజార్" అనుకోండి. ముందు ఏం వచ్చింది? మూడో వరసలో అమ్మగారూ, మీరు చెప్పండి... అదీ! ఆ నవ్వు. "వివాహ భోజనంబు" పాటలో నవ్వు. లడ్డూలు గాల్లోకి లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోవడం ఆ తరవాత. పైగా ఆ పాటలో నవ్వింది ఎస్.వి. రంగారావు గారు కాదు, మాధవపెద్ది సత్యం గారు. కంటికి కనపడేది ఒకరు, చెవికి వినపడేది ఇంకొకరు, మన జ్ఞాపకంలో ఇద్దరూ కలిసి ఒక్కడే రాక్షసుడైపోయారు. ఇప్పుడు "శంకరాభరణం" అనుకోండి. ముందు ఆలాపన వస్తుంది, తరవాతే సోమయాజులు గారి ముఖం. ఇది మా ఊళ్ళోనే కాదు, నేను అడిగిన చోటల్లా ఇంచుమించు ఇలాగే చెప్పారు.

ఎందుకిలా అయింది అంటే, దానికి కారణాలు మన బతుకుల్లోనే ఉన్నాయి. మాది కృష్ణా జిల్లా, దివిసీమ వైపు. మా చిన్నప్పుడు సినిమా చూడాలంటే పనులు తెమలాలి, బండి దొరకాలి, ఇంట్లో ఒప్పుకోవాలి, డబ్బులుండాలి. ఈ నాలుగూ ఒకేరోజు కుదిరేవి కావు. కానీ ఆదివారం మధ్యాహ్నం విజయవాడ రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది. ఇక్కడ తల వెంట్రుకలు నెరిసినవాళ్ళందరూ నవ్వుతున్నారు, మీకు నేను చెప్పక్కర్లేదు. పిల్లలకోసం చెప్తాను. ఒక సినిమా మొత్తాన్ని గంటకి కుదించి, మాటలూ పాటలూ మాత్రమే రేడియోలో వేసేవాళ్ళు. బొమ్మ ఉండదు. తలుపు కిర్రుమంటుంది, ఎవరో నడుస్తారు, గ్లాసు కింద పడుతుంది, ఆడమనిషి ఏడుస్తుంది. ఎవరు, ఎందుకు, ఎక్కడ అన్నది వినేవాళ్ళే చూసుకోవాలి.

మా ఇంట్లో రేడియో గూట్లో ఉండేది. అన్నాలు తిన్నాక అంట్లు అలాగే వదిలేసి అమ్మ గుమ్మానికి ఆనుకుని కూర్చునేది, మా మేనత్త నేలమీద కొంగు పరుచుకుని పడుకునేది, పక్కింటివాళ్ళు గోడ అవతల నిలబడి వినేవాళ్ళు. ఒకసారి "మిస్సమ్మ" వేశారు. అప్పటికి మా ఇంట్లో ఎవరూ ఆ సినిమా చూడలేదు. సావిత్రి కోపంగా మాట్లాడుతుంటే మా మేనత్త "ఆ పిల్ల లేత పచ్చ చీర కట్టుకుందే" అంది. అమ్మ ఒప్పుకోలేదు. "అలా మాట్లాడే మనిషి పచ్చ కట్టదు, తెల్లచీర, సన్నంచు" అంది. ఇద్దరూ ఆ వారమంతా అదే వాదన. ఎన్నో ఏళ్ళ తరవాత టీవీలో "మిస్సమ్మ" చూస్తే, 1955 సినిమా, తెలుపూ నలుపూ! అయినా మా మేనత్త ఒప్పుకోలేదు. టీవీ ముందు కూర్చుని "పచ్చే, చూడు" అంది. నాకూ ఇప్పటికి ఆ చీర పచ్చగానే కనిపిస్తుంది. సినిమాని చెవితో విన్నవాళ్ళు దానికి తమ ఇంటి రంగు వేసుకుంటారు. సినిమా తీసినవాళ్ళకి కూడా తెలియని సినిమా ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంది.

రేడియో కంటే ముందు నుంచీ మనకిది అలవాటే. పద్యనాటకాలు తెల్లవార్లూ ఆడేవాళ్ళు. స్టేజీకి దగ్గర చాపమీద చోటు దొరికినవాళ్ళు చూసేవాళ్ళు, మిగతా ఊరంతా వినేది. మంచం మీద పడుకుని నిద్రకీ మెలకువకీ మధ్య కృష్ణరాయబారం పద్యాలు విన్నవాళ్ళు మా తాతగారి తరం. రాగం బాగుంటే జనం "వన్స్‌మోర్" అని అరిచేవాళ్ళు, చచ్చి పడిపోయిన పాత్ర కూడా లేచి పద్యం మళ్ళీ పాడిపోయేదని చెప్పుకుంటారు. కథ ముందుకు పోవాలన్న తొందర ఎవరికీ లేదు, ఎందుకంటే కథ అందరికీ తెలుసు.

ఇది చాలా ముఖ్యమైన విషయం, ఇక్కడ కాస్త ఆగుతాను. 1957 మార్చి 27న "మాయాబజార్" విడుదలైనప్పుడు టికెట్టు కొన్న జనంలో చాలామందికి శశిరేఖా పరిణయం కథ తెలుసు. నాటకాల్లో చూశారు, విన్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి వాళ్ళ నాటకాల్లో మాయాబజార్ ఇప్పటికీ ఆడుతూనే ఉంది. అంటే శశిరేఖకి అభిమన్యుడితోనే పెళ్ళవుతుందని తెలిసే వెళ్ళారు. లక్ష్మణకుమారుడికి భంగపాటు తప్పదనీ తెలుసు. ఈ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా కనపడరు, గమనించారా? పాండవుల ఇంటి పెళ్ళి కథలో పాండవులే లేరు. అయినా ఎవరికీ లోటు తెలియదు, ఎందుకంటే వాళ్ళ గురించి మనకు చెప్పాల్సిందేమీ లేదు. దర్శకుడు కె.వి. రెడ్డి గారు, రచయిత పింగళి నాగేంద్రరావు గారు మన మీద అంత నమ్మకం పెట్టుకున్నారు.

హాయినిచ్చే సినిమా అంటే ఇదే అని నా అభిప్రాయం. తరవాత ఏం జరుగుతుందోనన్న టెన్షన్ లేని సినిమా. మనకి రోజంతా ఉన్నది ఆ టెన్షనే కదా, రేపు ఏమవుతుందో, రిపోర్టులో ఏం వస్తుందో, పిల్లాడికి సీటు వస్తుందో రాదో. అలాంటప్పుడు మనం కొత్త సినిమా పెట్టుకోం. చివరి మాట దాకా తెలిసిన సినిమా పెట్టుకుంటాం. ఎప్పుడు నవ్వాలో, ఎప్పుడు కళ్ళు తడవాలో ముందే తెలిసిన చోట మనసు కాళ్ళు చాపుకుంటుంది. "మాయాబజార్"లో పింగళి వారి "అసమదీయులు", "వీరతాడు" మన ఇళ్ళలో ఇప్పటికీ వాడుకలో ఉన్నాయంటే, సినిమా గుర్తుండి కాదు, వాటిని మనం అమ్మ నోటా నాన్న నోటా విన్నాం కాబట్టి. మా నాన్నగారు ఎవరైనా మంచి పని చేస్తే "వెయ్యండి వీరతాడు" అనేవారు. ఆ మాట సినిమాలోదని నాకు చాలా పెద్దయ్యేదాకా తెలియదు, మా నాన్న మాటే అనుకున్నాను.

టూరింగ్ టాకీసు సంగతి చెప్పకపోతే ఇక్కడి పెద్దవాళ్ళు నన్ను వదలరు. చీకటి పడుతుండగా హాలు మీద మైకులో రికార్డులు వేసేవాళ్ళు. అన్నీ అయ్యాక ఘంటసాల గారి "నమో వెంకటేశ" వేశారంటే ఆట మొదలవబోతోందని లెక్క. ఆ పాట వినపడితే చాలు, పొలంలో ఉన్నవాడు పరుగు, అన్నం ముందు కూర్చున్నవాడు పరుగు, జడ సగం వేసుకున్న ఆడపిల్ల పరుగు. భక్తి పాట అది, కానీ మా ఊళ్ళో ఆ పాటకి గుండె దడదడా కొట్టుకునేది భక్తితో కాదు, మొదటి రీలు పోతుందని. ఈరోజుకీ గుళ్ళో ఆ పాట వినపడితే నాకు ముందు గుర్తొచ్చేది నేల టికెట్టు, ఇసుక, బఠాణీల పొట్లం. దేవుడు ఏమీ అనుకోడు, ఆయనకి తెలుసు.

అక్కడ ఒకటే ప్రొజెక్టరు. రీలు అయిపోగానే లైట్లు వెలిగేవి, ఇంకో రీలు ఎక్కించేదాకా ఇంటర్వెల్లే. ఒక సినిమాకి ఎన్నో ఇంటర్వెల్లు. ఆ మధ్యలో ఊరంతా సినిమా గురించే మాట్లాడుకునేది, "వాడు చెడ్డవాడు, నీకు చెప్పానా", "ఆ తల్లిది తప్పు కాదూ" అని. ఇక ప్రింట్లు ఊళ్ళన్నీ తిరిగి తిరిగి అరిగిపోయి మా దాకా వచ్చేవి. తెగిన చోట అతికించినప్పుడు కొన్ని ఫ్రేములు పోతాయి, వాటితో పాటు ఫిల్ము పక్కన ఉండే శబ్దం కూడా పోతుంది, మాట మధ్యలో తెగిపోతుంది. అయినా జనం దాన్ని వాళ్ళే పూరించేవాళ్ళు, హాల్లో ఎవరో ఒకరు ఆ తెగిన మాట గట్టిగా అనేవాళ్ళు. ఎలా తెలుసు? ముందు రోజు చూశాడు, లేదా ఎవరో చెప్పగా విన్నాడు. సినిమాలో తమకి దక్కకుండా పోయిన ముక్కని జనమే తెచ్చి పెట్టుకున్నారు.

అసలు సినిమా కథ చెప్పడం అనేది ఒక విద్య మన దగ్గర. జంధ్యాల గారి "శ్రీవారికి ప్రేమలేఖ", 1984లో వచ్చింది, అందులో శ్రీలక్ష్మి గారి పాత్ర గుర్తుందా? చూసొచ్చిన సినిమాని టైటిల్స్ దగ్గర్నించీ మొదలుపెట్టి మ్యూజిక్కుతో సహా మొగుడికి చెప్తుంది. అందరూ పడీపడీ నవ్వుతారు, నేనూ నవ్వాను, కానీ నాకు ఆవిడంటే గౌరవం. ఎందుకంటే అలాంటి మనిషి ప్రతి వీధికీ ఒకరుండేవాళ్ళు. మా వీధిలో ఒక మావగారు బందరు వెళ్ళి సినిమా చూసొచ్చి అరుగు మీద కూర్చుని చెప్పేవారు. ఫైటింగ్ వస్తే లేచి నిలబడేవారు. పాట వస్తే పల్లవి పాడి, చరణంలో హీరోయిన్ ఎక్కడెక్కడ పరుగెత్తిందో చేత్తో చూపించేవారు. టికెట్టు కొనలేని పిల్లలం, ముసలివాళ్ళం, బాలింతలం అలాగే చూశాం సినిమాలు. ఆయన చెప్పిన కొన్ని సినిమాలు తరవాత చూస్తే అంత బాగాలేవు. ఆయన చెప్పిందే బాగుంది.

తరవాత కాసెట్లు వచ్చాయి. "దానవీరశూరకర్ణ" 1977 సంక్రాంతికి వచ్చింది, ఎన్.టి. రామారావు గారు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు, దర్శకత్వమూ ఆయనదే, మాటలు కొండవీటి వెంకటకవి గారివి. ఆ మాటల కాసెట్టు ఎన్ని పెళ్ళిపందిళ్ళలో, ఎన్ని చవితి పందిళ్ళలో మోగిందో లెక్కలేదు. పెద్ద సంస్కృత సమాసాలు. బడికెళ్ళని మనుషులు, సంతకం పెట్టడం రాని మనుషులు, ఆ సమాసాలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవాళ్ళు. తెలుగు పాఠాలు చెప్పి బతికినదాన్ని, ఏ తరగతి గదిలోనూ అలా జరగడం నేను చూడలేదు.

మా మామయ్య దగ్గర టేప్‌రికార్డరు ఉండేది. ఆ కాసెట్టులో దుర్యోధనుడు సభలో గర్జిస్తూ ఉండగా ఒక వాక్యం మధ్యలో మొదటి వైపు అయిపోయేది. టక్కున మీట పైకి లేచేది. మామయ్య తీసి, తిప్పి, మళ్ళీ పెట్టేవాడు. ఆ రెండు మూడు క్షణాలు మేమంతా ఊపిరి బిగపట్టి కూర్చునేవాళ్ళం, తరవాత మాట అందరికీ తెలిసినా సరే. ఇప్పుడు యూట్యూబులో ఆ సన్నివేశం ఏ అడ్డూ లేకుండా సాఫీగా వెళ్ళిపోతుంది. నాకు మాత్రం సరిగ్గా అక్కడ ఆ టక్ వినపడుతుంది. మామయ్య చెయ్యి కనపడుతుంది, వేలికి ఉన్న రాగి ఉంగరంతో సహా. ఆయన లేడిప్పుడు. రామారావు గారి ముఖం మీద కాదు, ఆ టక్ అనే చోట నాకు కన్నీళ్ళొస్తాయి, ఇది ఎవరికి చెప్తే అర్థమవుతుంది? మీకు అవుతుంది, ఎందుకంటే మీ కాసెట్టు కూడా ఎక్కడో ఒకచోట తిరగబడే ఉంటుంది.

అన్నీ హాయిగానే ఉంటాయని అనుకోవద్దు. "జగదేకవీరుడు అతిలోకసుందరి" 1990 మే 9న విడుదలైంది. చిరంజీవి, శ్రీదేవి, ఇళయరాజా పాటలు, అంత సంతోషకరమైన సినిమా మరొకటి చెప్పడం కష్టం. కానీ అదే రోజు మా తీరాన్ని తుఫాను కొట్టింది. వందలమంది పోయారు. పదమూడేళ్ళ ముందు 1977 ఉప్పెన చూసిన ప్రాంతం మాది, గాలి మారితే చాలు పెద్దవాళ్ళ ముఖాలు పాలిపోయేవి. పాటల కాసెట్టు సినిమా కంటే ముందే ఊళ్ళోకి వచ్చేసింది కదా, ఆ వారమంతా అవే పాటలు వింటూ ఉన్నాం, వింటూ ఉండగానే కరెంటు పోయింది, తరవాత కప్పు పోయింది. రాష్ట్రమంతా ఆ పాటలకి గంతులేస్తుంటే మా ఇంట్లో అమ్మ అవి వస్తే రేడియో కట్టేసేది, చాలా ఏళ్ళు. వానలో తడుస్తూ వెళ్ళి ఆ సినిమా చూసినవాళ్ళు దాన్ని పండగలా చెప్పుకుంటారు, వాళ్ళు చెప్పేదీ నిజమే. 2025లో అదే మే 9న దాన్ని మళ్ళీ విడుదల చేశారు. అమ్మ ఉంటే రాదు. నేను వెళ్ళాను. మొదటి పాటకి చుట్టూ ఉన్న పిల్లలు లేచి ఎగురుతుంటే కాసేపు ఊపిరాడనట్టైంది, తరవాత తేలికపడింది. ఎందుకో పూర్తిగా చెప్పలేను. ముప్పై అయిదేళ్ళ పాటు తుఫానుకి అంటిపెట్టుకున్న పాట, ఆ పిల్లల అరుపుల్లో మళ్ళీ పాట అయింది.

గొంతుల గురించి చెప్పాలి. మన సినిమాల్లో ముఖం ఒకరిది, గొంతు ఒకరిది. కమల్ హాసన్ అంటే తెలుగువాళ్ళకి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి గొంతు. "దశావతారం"లో ఆయన వేసిన పాత్రల్లో చాలావాటికి, ముసలావిడతో సహా, బాలు గారే మాట్లాడారు. "గాంధీ" సినిమా తెలుగులో వస్తే మహాత్ముడికీ ఆయన గొంతే. సుమన్ గారికి, రాజశేఖర్ గారికి సాయికుమార్ గొంతు. రోజారమణి గారు, సరిత గారు ఎంతమంది హీరోయిన్లకి గొంతిచ్చారో! మనం ఇష్టపడ్డ అమ్మాయిలు, మనం ఏడ్చిన అమ్మలు, చాలావరకు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళ గొంతులే. వాళ్ళ ఫోటో చూపిస్తే మనలో సగం మంది గుర్తుపట్టం, "అమ్మా" అని ఒక్క మాట అంటే గుర్తుపడతాం. వాళ్ళకి రావలసినంత పేరు రాలేదు, ఈ సభలో చెప్పి తీరాలి.

బాలు గారు 2020 సెప్టెంబరు 25న పోయినప్పుడు, కరోనా రోజులు, ఎవరింట్లో వాళ్ళున్నాం, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసే వీలు లేదు. మా అపార్టుమెంటులో ఆ సాయంత్రం ఒక్కో ఫ్లాట్లోంచి ఒక్కో పాట. పైనుంచి ఒకటి, కింద నుంచి ఒకటి, ఎదురుగా ఒకటి. ఎవరూ ఎవరితో అనుకోలేదు. నేను బాల్కనీలో నిలబడి విన్నాను, అన్నీ కలిసి ఏ పాటా అర్థం కావట్లేదు, గొంతు మాత్రం ఒక్కటే. అంతకుముందు 1974 ఫిబ్రవరిలో ఘంటసాల గారు పోయినప్పుడు మా అమ్మ వాళ్ళు రేడియో ముందు ఎలా కూర్చున్నారో చెప్పేది. ఆయన పాడిన భగవద్గీత ఇప్పుడు చావు ఇంటి ముందు వినపడుతుంది, అదే గొంతు పక్కవీధి పెళ్ళిలో ప్రేమపాట పాడుతూ ఉంటుంది. కొంతమంది పిల్లలు గీత వినపడితే భయపడతారు, ఎవరో పోయారని. వాళ్ళకి ఘంటసాల గారిని ముందు ప్రేమపాటలతో పరిచయం చెయ్యండి, ఇది నా మనవి.

ఇక ఇప్పటి పిల్లల దగ్గరికొద్దాం. వీళ్ళకి పాత సినిమా అంటే "అతడు", 2005లో వచ్చింది. "ఖలేజా", 2010. నవ్వకండి, వాళ్ళ బాల్యం వాళ్ళది. పదేళ్ళ వయసు నుంచి ముప్పై లోపు తగిలినవి మనిషికి మిగతా జీవితంలోవాటికంటే గట్టిగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెప్తున్నారు, అందుకే ఎవరి కాలం వాళ్ళకి బంగారు కాలం. "ఖలేజా" హాళ్ళలో ఆడలేదు. టీవీలో బతికింది. ఆదివారం మధ్యాహ్నం వేస్తారు, అమ్మ వంటింట్లోంచి వింటుంది, నాన్న పేపరు అడ్డం పెట్టుకుని వింటాడు, పిల్లలు హోంవర్క్ చేస్తూ వింటారు, మధ్యలో ప్రకటనలు. ఎవరూ కుదురుగా చూడరు, అందరికీ కంఠతా వచ్చేస్తుంది. మా రేడియో శబ్దచిత్రానికీ దీనికీ తేడా ఏముంది?

మా అక్క కూతురు డాలస్‌లో ఉంటుంది. రాత్రి అంట్లు తోముకునేటప్పుడు ట్యాబ్‌లో "అతడు" పెట్టుకుంటుంది, అదీ పల్లెటూరి ఇంట్లోకి హీరో వచ్చిన దగ్గర్నించి. స్క్రీన్ వైపు చూడదు, చేతులు సింకులో ఉంటాయి. "ఇన్నిసార్లు ఏం చూస్తావే" అని అడిగితే, "చూడను పిన్నీ, ఇక్కడ తలుపులు మూస్తే బయట చప్పుడే రాదు, అది పెడితే ఇంట్లో మనుషులున్నట్టుంటుంది" అంది. ఆ ఇంట్లో తాతగారు, అత్తలు, బావలు, ఒకరిమీద ఒకరు అరుచుకోవడం, పిలవడం, విసుక్కోవడం. కథ అక్కర్లేదు తనకి, ఆ గోల కావాలి. అక్కడే పుట్టిన దాని కూతురు, తెలుగు సరిగా రాని పిల్ల, ఒకరోజు వాళ్ళ నాన్న మీద కోపంతో అచ్చం ఆ సినిమాలో ముసలివాళ్ళు విసుక్కున్నట్టే విసుక్కుందట. వారానికోసారి తెలుగు బడికి పంపితే రాని యాస, అంట్లు తోమే చప్పుడులోంచి వచ్చింది.

2022 ఆగస్టులో మహేష్ బాబు పుట్టినరోజుకి "పోకిరి" మళ్ళీ వేశారు, అప్పటి నుంచి ఈ రీరిలీజులు ఊపందుకున్నాయి. 2025 మేలో "ఖలేజా"కి మా అబ్బాయి నన్ను లాక్కెళ్ళాడు. హాలంతా పాతికేళ్ళ లోపు పిల్లలు. తెర మీద మనిషి నోరు తెరవకముందే హాలు ఆ మాట అనేసేది. సినిమా శబ్దం నాకు సరిగా వినపడనేలేదు, పిల్లలే మొత్తం సినిమా వినిపించారు. వెనక్కి తిరిగి వాళ్ళ ముఖాలు చూశాను, అలా ఒళ్ళు మరిచి ఒకే మాట వందలమంది కలిసి అనడం, "వన్స్‌మోర్" కాలం మనుషులే వీళ్ళూ. సీట్లు విరగ్గొట్టడం, హాల్లో మంటలు పెట్టడం మాత్రం నాకు అస్సలు నచ్చదు, దాన్ని అభిమానం అనను, ఆ హాలుని తుడిచే మనిషి గురించి ఆలోచించండి నాయనా.

చివరగా, పోగొట్టుకుంటున్నదాని గురించి. మన మొదటి టాకీ "భక్త ప్రహ్లాద", 1932. హెచ్.ఎం. రెడ్డి గారు సురభి నటుల్ని బొంబాయి తీసుకెళ్ళి తీశారు. తెలుగువాళ్ళు తెర మీద పూర్తిగా తెలుగులోనే మాటలు విన్న మొదటి సినిమా. దాని ప్రింటు మనకి దక్కలేదు. ఆ మొదటి మాట ఎలా వినపడిందో ఇక మనకెవరికీ తెలియదు, విన్నవాళ్ళూ లేరు. పాత సినిమాలకి రంగులు వేస్తున్నారు, శబ్దాన్ని అయిదు వైపుల నుంచీ వచ్చేలా మారుస్తున్నారు. "మాయాబజార్"ని 2010లో అలాగే రంగుల్లో తెచ్చారు, కష్టపడ్డారు, కొత్త పిల్లలు చూశారు, మంచిదే. కానీ కొన్ని పాటలు అందులో లేవు. నా మటుకు నాకు ఆ ఒక్క స్పీకరులోంచి వచ్చే కాస్త గరగర శబ్దమే కావాలి, ఎందుకంటే నా ఇంట్లో అది అలాగే వినపడింది. బాగుచేసేవాళ్ళని ఒకటే అడుగుతాను, కొత్తది చెయ్యండి, పాతదాన్ని కూడా అలాగే దాచండి, రెండూ దొరకనివ్వండి.

దాచే పని సంస్థలదే అనుకోవద్దు. మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర సినిమాలున్నాయి, నేను ఇందాక చెప్పిన పచ్చచీర సినిమాలు. ఫోన్లో రికార్డరు ఉంది కదా, పక్కన పెట్టి అడగండి. "మీకిష్టమైన సినిమా ఏది" అని మాత్రం అడక్కండి, రామారావుదో నాగేశ్వరరావుదో ఒక పేరు చెప్పి ఊరుకుంటారు. ఏ హాలు, ఎవరితో వెళ్ళారు, ఇంట్లో ఏం చెప్పి వెళ్ళారు, ఆట ముందు ఏ రికార్డు వేసేవాళ్ళు, ఏం కొనుక్కుని తిన్నారు, తిరిగొచ్చేసరికి ఎంత రాత్రయింది, దారిలో ఏం మాట్లాడుకున్నారు, ఇలా అడగండి. పాట గుర్తొస్తే పాడనివ్వండి, తప్పు పాడినా సరిదిద్దకండి. కథ చెప్పమనండి, శ్రీలక్ష్మి గారిలా టైటిల్స్ నుంచి. నేను మా మేనత్త దగ్గర అలా కొంత రికార్డు చేశాను, మధ్యలో ఆవిడ "ఒసే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో చూడు" అంది, అది కూడా తీసెయ్యకుండా ఉంచాను.

నా వంతు అయిపోయింది, ఇక మీరు చెప్పండి. ఆ మైకు వెనక వరసకి ఇవ్వండి బాబూ, అక్కడ తెల్లచొక్కా మాస్టారు టూరింగ్ టాకీసు మాట వచ్చినప్పటి నుంచీ చెయ్యెత్తే ఉన్నారు. చెప్పండి మాస్టారూ, మీ ఊళ్ళో ఏ రికార్డు వేసేవాళ్ళు?